తేరిన నీళ్ళు

(హనుమకొండలో ఒక కాలనీ గ్రంథాలయంలో, పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే భాద్రపద అమావాస్యకు, రెండు రోజుల ముందు సాయంత్రం, వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఒక లెక్చరర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు వద్దులెండి. నలభై మందిమి ఉన్నాం, ఇది ముప్పై ఏళ్ళు క్లాసురూముల్లో అరిచిన గొంతు. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడకపోతే చెయ్యి ఎత్తండి.

ముందు ఈ సీసా చూడండి. పొద్దున మా సారు, అంటే మా ఆయన, వడ్డేపల్లి చెరువు దిక్కు వాకింగుకు పోతే, కట్ట కింద కాలువలో నీళ్ళు పట్టుకురమ్మన్నాను. "పొద్దుపొద్దున్నే బురద నీళ్ళ మీద పడ్డావేంది?" అన్నారు. ఇదిగో, గట్టిగా ఊపుతున్నాను. చాయ్ రంగుకు వచ్చింది కదా? ఇక్కడ పెడుతున్నాను. బల్ల ఎవరూ కదపకండి. నా మాటలు అయిపోయినంక మళ్ళీ చూద్దాం.

మా అమ్మమ్మది నర్సంపేట దగ్గర ఊరు. వానకాలం వచ్చిందంటే బావి నీళ్ళు ఎర్రగా వచ్చేవి. అమ్మమ్మ గూట్లోంచి చిల్లగింజ తీసి, చిన్న సానరాయి మీద గంధం తీసినట్టు అరగదీసి, ఆ గంధం కుండలో కలిపి మూత పెట్టేది. చిల్లగింజ తెలుసా మీకు? కుంకుడు గింజ కన్నా చిన్నగా, బొత్తాంలా ఉంటుంది. బురద రేణువులను ఒకదానికొకటి అంటుకునేలా చేసి కిందికి దింపే గుణం దానికి ఉంది. మునిసిపాలిటీ వాళ్ళు పటికతో చేసే పని అదే. తెల్లారి అమ్మమ్మ లేవగానే ముందు కుండ మూత తీసి చూసేది. "తేరినయి" అనేది. అప్పుడు మాకు నీళ్ళు.

దసరా దగ్గర పడ్డాక ఆ గింజ మళ్ళీ గూట్లోకి పోయేది. దాంతో ఇక పని లేదు. వానలు సన్నగిల్లితే వాగులు మట్టి మోసుకురావడం ఆగుతుంది, నిలిచిన నీళ్ళల్లో ఒండ్రు దానంతట అదే అడుగుకు దిగుతుంది. అగస్త్య నక్షత్రం పొడిస్తే నీళ్ళు తేటపడతాయని పెద్దలు అనేది అందుకే. నక్షత్రం వచ్చి నీళ్ళు కడగదు కానీ, రెండూ ఒకే రోజుల్లో జరుగుతాయి.

ఈ "తేరు" అన్న మాట నాకు చాలా ఇష్టం. నీళ్ళు తేరుతాయి. జ్వరం నుంచి మనిషి తేరుకుంటాడు. అప్పుల నుంచి, దుఃఖం నుంచి కూడా తేరుకుంటాం. బురద కిందికి దిగడానికి, మనిషి లేచి కూర్చోవడానికి మన భాష ఒకే మాట పెట్టుకుంది. శరదృతువు గురించి మాట్లాడమని మీరు పిలిస్తే నాకు మొదట తోచింది ఈ మాటే.

శరత్తు అంటే ఏమిటి? ఆశ్వయుజం, కార్తీకం. లెక్క ప్రకారం ఎల్లుండి పెత్రమాస, ఆ తెల్లారి నుంచి ఆశ్వయుజం. చిన్నప్పుడు మాకు ఇంగ్లీషు వాచకంలో "ఆటమ్ అంటే ఆకురాలు కాలం" అని చెప్పారు. నేనూ అట్లాగే బట్టీ పట్టాను. కాలేజీలో చేరి పాకాల అడవికి స్టడీ టూరు పోయేదాకా అందులో తప్పు నాకు కనపడలేదు. అక్టోబరులో మన అడవిలో ఆకు ఎక్కడ రాలుతుంది? టేకు ఆకులు ఇంత వెడల్పున పచ్చగా ఉంటాయి. మన చెట్లు ఆకు రాల్చేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. చలిదేశాల చెట్లు పొద్దు తగ్గుతున్నదని, మంచు పడబోతున్నదని ఆకు వదిలేస్తాయి. మనవి నేలలో తడి ఆరిపోతున్నదని వదిలేస్తాయి. మనకు ఇప్పుడు తడి ఉంది కాబట్టి రాలేది లేదు, పూసేదే.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఈ రోజుల్లో ఎర్రెర్రని మేపుల్ చెట్ల ఫోటోలు పంపుతుంది. బాగుంటాయి, కాదనను. పోయినేడు ఫోన్లో "అమ్మా, మన దగ్గర ఫాల్ సీజన్ లేదు, అదే లోటు" అన్నది. నాకు కొంచెం పౌరుషం వచ్చింది. (నవ్వులు) సరే బిడ్డా, నువ్వు ఈ ఊళ్ళో పుట్టి ఇరవై రెండేళ్ళు పెరిగావు, మన శరత్తు నీకు ఒక్కసారీ కనపడలేదా అన్నాను. తర్వాత ఆలోచిస్తే తప్పు దానిది కాదు. ఆ ఇరవై రెండేళ్ళూ ఈ కాలంలో దానికి క్వార్టర్లీ పరీక్షల టెన్షన్, నాకు పేపర్లు దిద్దే టెన్షన్. చూపించాల్సిన మనిషిని నేనే, నాకే తీరిక లేదు.

మన శరత్తు మేపుల్ చెట్టులా రోడ్డు పక్కన నిలబడి పిలవదు. మా అమ్మమ్మ అసలు ఆ మాటే ఎన్నడూ అనలేదు. "బతుకమ్మ ముందట", "దసరా ఎనక" అనేది, అంతే. పొద్దున గడ్డి మీద మొదటిసారి మంచు కనపడటం, పారిజాతం చెట్టు కింద తెల్లారేసరికి పూలు పరిచి ఉండటం, మబ్బు తెల్లబడటం. బమ్మెర పోతన సరస్వతిని తలుచుకుంటూ తెల్లనివన్నీ వరస పెట్టినప్పుడు మొట్టమొదట పెట్టింది శారద నీరదాన్ని, అంటే ఈ కాలపు మబ్బును. ఆయన ఇక్కడివాడే, పాలకుర్తి దగ్గర బమ్మెర. పొలం గట్టు మీద నిలబడి ఆ మబ్బును చూసే ఉంటాడని నా నమ్మకం. ఉన్న నీళ్ళన్నీ దించేసుకుని, ఇక పనేమీ లేదన్నట్టు నింపాదిగా పోయే మబ్బు.

ఇప్పుడు ఇంకో సంగతి. ఈ కాలాన్ని మనం అందంగా చెప్పుకుంటాం గానీ, పాతకాలం వైద్యులు వేరేగా చెప్పారు. "వైద్యానాం శారదీ మాతా" అని సంస్కృతంలో ఒక మాట ఉంది. వైద్యుడికి శరత్తు కన్నతల్లి అట. ఎందుకు? రోగులు ఎక్కువ వస్తారు కాబట్టి. (నవ్వులు) ఇప్పుడూ అంతే కదా. భాద్రపదం, ఆశ్వయుజం వచ్చాయంటే హనుమకొండలో ఏ ఆస్పత్రికి పోయినా బెంచీ మీద చోటు దొరకదు. నిలిచిన నీళ్ళు, దోమలు, డెంగీ, టైఫాయిడ్.

మూడేళ్ళ కిందట మా మనవడికి, అంటే మా కొడుకు కొడుక్కి, డెంగీ వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లాడు. ప్లేట్‌లెట్లు రోజురోజుకూ పడిపోయి ముప్పై ఎనిమిది వేలకు వచ్చాయి. మామూలుగా లక్షా యాభై వేల పైన ఉండాలి. అయిదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. పొద్దున్నే రక్తం తీసుకుపోతారు, మధ్యాహ్నం రిపోర్టు వస్తుంది. ఆ నడుమ నాలుగు గంటలు ఎట్లా గడిచేవో మీకు చెప్పలేను. మా కోడలు కాగితం చేతికి రాగానే నాకు ఇచ్చేది, తను చూసేది కాదు. ఆరో రోజు కౌంట్ పెరిగింది. డిశ్చార్జి అయి ఇంటికి వచ్చిన రోజు పెత్రమాస.

ఆ ఏడు బతుకమ్మ వద్దనుకున్నాం. ఎవరికీ ఓపిక లేదు. మా అత్తమ్మకు అప్పుడు ఎనభై నాలుగేళ్ళు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. పక్కింటావిడ చేత మార్కెట్ నుంచి ఒక కట్ట గునుగు పూలు తెప్పించి, వరండాలో చాప పరిచి, కత్తెర తీసుకుని కూర్చుంది. కొసలు సమంగా కత్తిరించడం మొదలుపెట్టింది. కాసేపటికి పిల్లాడు లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి, ఆమె పక్కన కూలబడ్డాడు. ఆమె వాడి చేతిలో నాలుగు గునుగులు పెట్టి "కొసలన్నీ ఒక్క తీరు రావాలె, పట్టుకో" అన్నది. తర్వాత కోడలు వచ్చింది. తర్వాత నేను. మా సారు గుమ్మడి ఆకులు తెస్తానని బయటికి పోయారు. ఎవ్వరం జ్వరం మాట ఎత్తలేదు. గంటన్నర పట్టింది. చిన్న బతుకమ్మ, జానెడు ఎత్తు ఉంటుందేమో. కోడలు దాన్ని వాకిట్లో పెట్టి చుట్టూ తిరిగింది. పాట సగంలో గొంతు పూడుకుపోయింది. మిగతా సగం అత్తమ్మ కూర్చున్నచోటు నుంచే అందుకుంది.

నేను ఆ రోజు రాత్రి పడుకుని ఒక సంగతి గమనించాను. వేదంలో దీవెన ఉంది కదా, "జీవేమ శరదః శతం", నూరు శరత్తులు బతకాలి అని. పెళ్ళిళ్ళలో మనం వింటూనే ఉంటాం. నూరు వసంతాలు అని ఎందుకు అనలేదు? పండితులు ఏమంటారో గానీ నాకు తోచింది ఇది: వానకాలం జ్వరాలు దాటి శరత్తు చూశారంటే ఆ ఏడు గండం గడిచినట్టే. అక్కడ సంస్కృతంలో ఋషి నూరు శరత్తులు బతకాలి అన్నాడు. ఇక్కడ అదే కాలంలో, అక్షరం రాని ఆడవాళ్ళు పూలు పేర్చి, దానికి బతుకు అమ్మా అని పేరు పెట్టుకున్నారు. ఈ పేరుకు చాలా కథలు చెబుతారు. నాకు మాత్రం వరండాలో ఆ సాయంత్రమే దాని అర్థం.

సరే. గొంతు మారింది నాది. కొంచెం నీళ్ళు ఇవ్వండి. ఆ సీసాలోవి కాదు. (నవ్వులు)

వృక్షశాస్త్రం చెప్పిన మనిషిని పిలిచారు కాబట్టి పూల గురించి చెప్పకపోతే బాగుండదు. గునుగు తోటకూర కుటుంబం మొక్క. మక్కచేలలో, పత్తిచేలలో, జొన్నచేలలో కలుపుగా మొలుస్తుంది. రైతుకు విసుగు, మనకు పండుగ. పట్టుకుని చూడండి, కాగితంలా గరగరమంటుంది. అందులో నీరు తక్కువ, అందుకే తెంపిన వారానికి కూడా వాడదు, రంగు వేస్తే పట్టుకుంటుంది. ఇవ్వాళ తెచ్చింది ఎల్లుండికి పనికొస్తుంది. తంగేడు అట్లా కాదు, పొద్దున తెంపితే సాయంత్రానికి తల వేలాడేస్తుంది. కలుపు మందులు వచ్చాక మా అమ్మమ్మ ఊరి చేలల్లో గునుగు పలచబడింది. కలుపు తీసే కూలీ దొరకని రైతును నేను తప్పుపట్టను. కానీ గట్టు మీద ఒక్క మూర మందు కొట్టకుండా వదిలితే చాలు, ఊరికంతా సరిపడా పూస్తుంది.

తంగేడు దగ్గర మాత్రం మీరు ఒక పని చెయ్యాలి. ఎక్కడో పోనక్కర్లేదు, కాజీపేట దాటి కొంచెం బయటికి పోతే గుట్టల వెంట ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి పొద నిండుగా పూసి ఉన్నప్పుడు పక్కన నిలబడండి. ఫోను జేబులో పెట్టుకోండి. నల్లటి పెద్ద తుమ్మెద వస్తుంది. ఎగురుతున్నప్పుడు ఒక చప్పుడు ఉంటుంది. పువ్వు మీద వాలగానే చప్పుడు ఆగాలి కదా? ఆగదు. ఇంకా సన్నగా, గట్టిగా, జీ మని మారుతుంది. ఎందుకంటే తంగేడు పువ్వులో తేనె లేదు, పుప్పొడి మాత్రమే ఉంది. అది కూడా ఉప్పు డబ్బాలో ఉన్నట్టు, పైన చిన్న రంధ్రాలున్న గొట్టాల్లో ఉంటుంది. తుమ్మెద పువ్వును కరిచి పట్టుకుని, రెక్కలు కదపకుండా ఒళ్ళంతా అదిరిస్తే గాని పొడి రాలదు. నేను పాతికేళ్ళు ఈ పాఠం బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. చెవులతో విన్నది రిటైరయ్యాకే. ఇప్పుడు ప్రతి ఏడూ ఒక్క పొద్దు దానికోసం పెట్టుకుంటాను. మనవడు కూడా వస్తాడు. "నానమ్మా, గేర్ మార్చింది" అంటాడు. (నవ్వులు) అదే పొద మీద పసుపుపచ్చ సీతాకోకచిలుకలు ఉంటాయి, తంగేడు ఆకుల మీదే గుడ్లు పెడతాయి. పువ్వు ఏదో, రెక్క ఏదో కదిలేదాకా తెలియదు.

మా అమ్మాయి ఫోను సంగతి మధ్యలో వదిలేశాను. దానికి నేను చెప్పిన జవాబు మీరూ వినండి. బతుకమ్మలో పెట్టే బంతిపువ్వు ఎక్కడిది? మెక్సికో దిక్కుది. పైన పెట్టే గుమ్మడిపువ్వు? అమెరికా ఖండం. సత్తుపిండిలో పల్లీలు, మక్కలు? అక్కడివే. ఈ కాలంలో మనం సంబరంగా తినే సీతాఫలం పేరు సీతమ్మది గానీ పుట్టిల్లు అమెరికాయే. ఓడలెక్కి వచ్చి, నాలుగైదు వందల ఏళ్ళలో మన పళ్ళెంలో, మన పాటలో కలిసిపోయాయి. తంగేడు మాత్రం ఇక్కడిదే, దాన్ని రాష్ట్ర పుష్పం చేశారు, బతుకమ్మను 2014లో రాష్ట్ర పండుగ చేశారు. "నువ్వు వాళ్ళ దేశం పోతే వాళ్ళ పూలు మన దేశం వచ్చాయి, లెక్క సరిపోయింది" అన్నాను. నవ్వింది. ఆ ఏడు అక్కడి సూపర్ మార్కెట్లో బంతిపూలు కొని బతుకమ్మ పేర్చి ఫోటో పంపింది. కొంచెం వంకరగా ఉంది, చెప్పలేదు.

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏదో తెలుసా? చివరి రోజు, సద్దుల బతుకమ్మ అనుకుంటారు. ఆ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర అడుగు పెట్టే సందు ఉండదు, వెయ్యి స్తంభాల గుడి దగ్గర మొదటి రోజు, ఎంగిలిపూల నాడూ అంతే. చూడాల్సిందే, నేను కాదనను. నాకిష్టం ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మ పేర్చరు, ఆడరు, నైవేద్యం లేదు. చిన్నప్పుడు "ఎందుకు అలిగింది?" అని అమ్మమ్మను అడిగితే, "మీరందరూ అయిదు రోజులు నెత్తికెత్తుకుని తిప్పితే అలగదా, పండనియ్యుర్రి" అన్నది. పండుగకే ఒక సెలవు పెట్టిన ఆడవాళ్ళ తెలివికి నేను దండం పెడతాను. ఆ రోజు మా ఇంట్లో టీవీ పెట్టం. మధ్యాహ్నం అందరం వరండాలో చాపల మీద పడుకుంటాం. మా సారు సీతాఫలాలు బియ్యం డబ్బాలో మాగేసి పెడతారు, కళ్ళు విచ్చుకున్న కాయలు మాత్రమే, లేకపోతే మాగవు, గట్టిపడతాయి. వాటిని ఒక్కొక్కటి తీసి ఇస్తుంటే గింజలు ఊస్తూ కూర్చుంటాం. గింజల లెక్క పిల్లలది. పోయినేడు ఒక పండులో యాభై మూడు.

దసరా గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అంటాం, ఏడాదంతా మాట్లాడని వాళ్ళను కూడా ఆ రోజు కౌగిలించుకుంటాం. పాలపిట్ట మాట మాత్రం చెప్పాలి. కొందరు దాన్ని పంజరంలో పెట్టి తెచ్చి, పది రూపాయలకు దర్శనం చేయిస్తున్నారు. అది నేరం, పైగా దండగ. కూర్చున్న పాలపిట్ట మట్టిరంగులో, నిద్రమొహంతో ఉంటుంది. దాని నీలం అంతా రెక్కల్లో ఉంది, ఎగిరితేనే కనపడుతుంది. పంజరంలో ఏం చూస్తారు? ఊరి బయట కరెంటు తీగల వెంట ఓ కిలోమీటరు నడవండి. ఒకటి కనపడుతుంది. అది ఎగిరేదాకా ఆగండి.

కార్తీకం వస్తే ఉసిరిచెట్టు కింద వనభోజనాలు అంటూ బస్సులు కట్టుకుని పోతాం. అక్కడ స్పీకర్లు పెట్టకపోతే బాగుండు, అంతే నా విన్నపం.

అగస్త్యుడిని చూడటం ఎట్లా అని ముందు వరసలో పాప అడుగుతున్నది. మంచి ప్రశ్న. అక్టోబరు నడుమ, మబ్బు లేని రోజు, తెల్లవారుజామున అయిదింటికి మేడ మీదికి పో బిడ్డా. దక్షిణం వైపు తిరుగు. చెయ్యి చాచి పిడికిలి బిగించి, దాని మీద ఇంకో పిడికిలి పెట్టు. ఆకాశం అంచు నుంచి రెండు పిడికిళ్ళ ఎత్తులో ఒక్కటే పెద్ద నక్షత్రం ఉంటుంది, అదే. దానికి చాలా పైన ఇంకా ఎక్కువ మెరిసేది సిరియస్. రాత్రి ఆకాశంలో ఒకటో నంబరు అది, రెండో నంబరు అగస్త్యుడు. మీ అమ్మను కూడా లేపు. లేవకపోతే నా పేరు చెప్పు.

ఇక సీసా చూద్దాం. అయ్యో, ఇంకా పూర్తిగా తేరలేదు. పైన నాలుగు వేళ్ళ మేర తేట, కింద మడ్డి. ఎవరో బల్ల తాకారు, లేదా నేనే చేతులు ఊపుతూ తాకి ఉంటాను. (నవ్వులు) రాత్రికి ఇక్కడే వదిలిపెడతాను, లైబ్రరీ బాబు పొద్దున తాళం తీసినప్పుడు చూసి నాకు ఫోను చేస్తాడు.

ఇదిగో, ఈ గోనె సంచిలో మూడు కట్టల గునుగు ఉంది. గట్టు మీద మందు కొట్టని ఒక రైతు ఇచ్చాడు, పైసలు తీసుకోలేదు. కొసలు కత్తిరించి, గుప్పెడు గుప్పెడుగా దారంతో కట్టాలి. కత్తెరలు నాలుగే తెచ్చాను, వంతుల వారీగా తీసుకోండి. మగవాళ్ళు కూడా కూర్చోవచ్చు, చాప పెద్దదే. వెనక ఫ్యాన్ ఆపండి, పొట్టు ఎగురుతుంది.